కుక్కకు పెద్ద జబ్బు చేసినప్పుడు: మొదటి అనుమానం నుంచి చివరి నిర్ణయం దాకా ఏం చేయాలి

మా కుక్క పేరు గుండు. తొమ్మిదో ఏట ఒక సాయంత్రం గేటు చప్పుడైనా లేవలేదు. తల ఎత్తి చూసి, మళ్లీ ముందుకాళ్ల మీద వాల్చింది. వయసు మీద పడుతోందిలే అనుకున్నాం. అలా అనుకుంటూనే మూడు రోజులు గడిపాం. నాలుగో రోజు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" ఇంట్లోవాళ్లం ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. దగ్గుతోందా అంటే దగ్గుతోందని ఒకరు, అది దగ్గు కాదు గొంతులో ఏదో అడ్డుపడిన చప్పుడని మరొకరు. డాక్టర్ స్టెతస్కోపు మెడలో వేసుకుని మా వాదన ముగిసేదాకా ఓపికగా నిలబడ్డారు.

నొప్పి ఎక్కడుందో, ఎప్పుడు మొదలైందో కుక్క చెప్పలేదు. దాని తరఫున సాక్ష్యం చెప్పాల్సింది మనమే. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లామన్నది ఎంత ముఖ్యమో, అక్కడ ఏం చెప్పగలిగామన్నదీ అంతే ముఖ్యం. ఈ మార్గదర్శిని ఆ కోణం నుంచే రాశాను. మందుల మోతాదులు ఇందులో ఉండవు. అవి మీ కుక్కను చేత్తో తాకి చూసిన డాక్టర్ చెప్పాల్సినవి.

1. ఇప్పుడే వెళ్లాలా, తెల్లారేదాకా ఆగవచ్చా

కుక్క పై పెదవి ఎత్తి చిగురు చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది లేత గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, నీలంగా మారినా, ఇటుక రంగుకు తిరిగినా అర్ధరాత్రయినా సరే బయలుదేరండి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్పను కొద్దిగా లాగి లోపలి పొర చూడాలి. ఈ పని కుక్క బాగున్న రోజునే ఒకసారి చేసి పెట్టుకోండి. మామూలు రంగు ఏమిటో తెలియకపోతే మారిన రంగును పోల్చుకోలేరు.

రెండోది ఊపిరి. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు, కలలో కాళ్లు కదిలించని సమయం చూసి, పక్కటెముకలు పైకి లేచి కిందికి దిగడాన్ని ఒకటిగా లెక్కపెట్టండి. 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేస్తే సరిపోతుంది. నిమిషానికి 30 లోపు ఉండాలి. నిద్రలో కూడా వరుసగా 30 దాటుతుంటే గుండె లేదా ఊపిరితిత్తులను చూపించాల్సిందే. మెడ ముందుకు సాచి, మోచేతులు ఎడంగా పెట్టి, పడుకోలేక కూర్చునే ఊపిరి పీలుస్తుంటే మాత్రం లెక్కలు పెడుతూ కూర్చోవద్దు. వెంటనే తీసుకెళ్లండి.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు:

- పొట్ట ఉబ్బి, వాంతికి తెగ ప్రయత్నిస్తూ ఏమీ బయటకు రాకపోవడం. పెద్ద జాతుల్లో, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు మెలిపడితే ఇలాగే ఉంటుంది. గంటల్లో ప్రాణం పోతుంది.
- మూర్ఛ 5 నిమిషాలు దాటడం, లేదా ఒకే రోజులో రెండు మూడుసార్లు రావడం.
- మూత్రానికి మళ్లీ మళ్లీ కూర్చుంటున్నా చుక్క రాకపోవడం.
- ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు మందగించి, నీళ్లు విపరీతంగా తాగడం. గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటకు కారకపోతే జబ్బు లేదని కాదు, మరింత ప్రమాదమని అర్థం.
- టీకాలు పూర్తికాని కూనకు వాంతులతోపాటు రక్తవిరేచనాలు.
- విషం తిన్నదన్న అనుమానం. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, ఎలుకల మందు, మన మందుల డబ్బాలో ఉన్నవన్నీ ఇందులోకే వస్తాయి.

ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనన్న మాటను పక్కన పెట్టండి. అది దేనికీ ఆధారం కాదు. చేయి వేసి జ్వరం చూడటమూ అంతే. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

2. బయలుదేరే ముందు పది నిమిషాలు

ముందు ఫోను చేయండి. డాక్టర్ ఉన్నారా, ఆక్సిజన్ ఉందా, రాత్రి ఉంచుకుని చూసే ఏర్పాటు ఉందా అని అడగండి. మూడింటికీ లేదంటే అక్కడికి వెళ్లి తిరిగి రావడంలో పోయే గంట చాలా విలువైనది. కుక్క బాగున్న రోజుల్లోనే రాత్రిళ్లు తెరిచి ఉండే ఆసుపత్రుల నంబర్లు రెండు రాసి తలుపు వెనక అంటించుకున్నవాళ్లు ఈ పది నిమిషాల్లో తొమ్మిది మిగుల్చుకుంటారు.

మన కోసం ఇంట్లో ఉంచుకునే నొప్పి మాత్రలు వేయవద్దు. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలను పాడుచేస్తుంది. అర మాత్రే కదా అనుకోవద్దు. విషం తిన్నదని ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించడం కూడా ప్రమాదమే. తిన్నదేమిటో డాక్టర్‌కు ఫోనులో చెప్పి, వాళ్లు ఏం చేయమంటే అది చేయండి. ప్యాకెట్ దొరికితే వెంట తీసుకెళ్లండి. ఎండ దెబ్బ ఒక్కదానికి మాత్రం ఇంట్లోనే పని మొదలుపెట్టాలి. ముందు ఒళ్లంతా మామూలు చల్లని నీళ్లతో తడిపి, గాలి ఆడనిచ్చి, ఆ తర్వాతే వాహనం ఎక్కించండి.

పెద్ద కుక్క లేవలేకపోతే మందపాటి దుప్పటి పక్కన పరిచి, దాని మీదికి జరిపి, ఇద్దరు చెరో కొస పట్టుకుని ఎత్తండి. చంకల కింద చేతులు వేసి లాగితే వెన్నుకు దెబ్బ తగిలిన కుక్కకు ఇంకా చేటు జరుగుతుంది. ఎంత సాధువైన కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. అది దాని తప్పు కాదు. మెత్తని గుడ్డతో మూతి కట్టవచ్చు. వాంతులవుతున్నా, ఊపిరి ఆడకపోయినా మాత్రం కట్టకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఉన్నట్టుండి ప్రవర్తన మారి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెట్టవద్దు. రేబిస్‌లో కూడా ఇలాగే ఉంటుంది. కరిచినా, దాని చొంగ గాయానికి తగిలినా 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు మీరూ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

3. నోటు పుస్తకం

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఫోనులో రాసుకోవచ్చు గానీ, ఇంట్లో అందరి చేతికీ అందేది పుస్తకమే. తేదీ వేసి, తిన్నదెంత, తాగినదెంత, వాంతి ఎన్నిసార్లు, మలం ఎలా ఉంది, మూత్రం రంగేమిటి, నిద్రలో ఊపిరి ఎంత, ఏ మందు ఏ గంటకు వేశాం అన్నవి రాయండి. "బాగా డల్‌గా ఉంది" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. "రోజూ మంచం ఎక్కేది, మంగళవారం నుంచి ఎక్కడం లేదు" అని రాస్తే కీళ్లా, వెన్నా, గుండెనా అని వెతకడానికి దారి దొరుకుతుంది.

నీళ్లు ఎంత తాగుతోందో కొలవడం తేలిక. పొద్దున కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే అతిగా తాగుతున్నట్టే. కిడ్నీ జబ్బు, మధుమేహం, గర్భసంచి చీము వంటివాటిని ఈ ఒక్క కొలత ముందే పట్టిస్తుంది.

వచ్చి పోయే లక్షణాలను వీడియో తీయండి. దగ్గు, కుంటడం, ఒళ్లు బిగుసుకుపోవడం ఆసుపత్రి బల్ల మీద కనిపించవు. అక్కడ భయంతో ఒంట్లోకి వచ్చే హుషారు జబ్బును దాచేస్తుంది. గుండు దగ్గు మీద మా ఇంటి తగవు తీర్చింది కూడా 20 సెకన్ల వీడియోనే. అది చూసి డాక్టర్ ఇంకేమీ అడగకుండా ఎక్స్-రేకు రాశారు.

పాత టీకాల పుస్తకం, ఇప్పుడు వాడుతున్న మందుల అట్టలు, కొత్తగా పడిన మలంలో కొంత ఒక డబ్బాలో తీసుకెళ్లండి. ఒంటి మీద గోమార్లు, అంటే పిడుదులు ఈమధ్య కనిపించాయా అన్నది అడగకపోయినా చెప్పండి. అవి మోసుకొచ్చే ఎర్లికియా వంటి జబ్బుల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కు నుంచి రక్తం కారడం, పొట్ట మీద ఎర్రని చుక్కలు రావడం జరుగుతాయి. సమయానికి గుర్తిస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి.

4. డాక్టర్ గదిలో

ఇంట్లోవాళ్లలో ఒకరే మాట్లాడండి, మరొకరు రాసుకోండి. భయంలో ఉన్న మనిషికి విన్నదాంట్లో సగం గుర్తుండదు.

పరీక్షలు చాలా రాస్తే కంగారు పడకుండా ఒక ప్రశ్న అడగండి: "ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా?" మారుతుందంటే చేయించాలి. మారదంటే ఎందుకు రాశారో వాళ్లే వివరిస్తారు. ఇది డాక్టర్‌ను శంకించడం కాదు. మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

పరీక్షల మాటలు కొన్ని తెలిసి ఉంటే మంచిది. కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఎంత ఉందో చూస్తారు. అయితే కిడ్నీ పనిలో నాలుగింట మూడు వంతులు దెబ్బతిన్నాకగానీ అది స్పష్టంగా పెరగదు. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష అంతకంటే ముందే చెబుతుంది. మూత్రం చిక్కదనం కూడా చూడాలి. గడ్డ కనిపిస్తే ముందుగా సన్నని సూదితో కణాలు తీసి చూస్తారు. చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. చాలకపోతే ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. చూడగానే, తడమగానే ఇది క్యాన్సర్ అనో, కేవలం కొవ్వు గడ్డ అనో తేల్చేస్తే "సూదితో ఒకసారి చూద్దామా?" అని అడగండి. చేతివేళ్లకు సూక్ష్మదర్శిని చూపు ఉండదు.

దవడ కింద, మోకాళ్ల వెనక బిళ్లలు కట్టి లింఫోమా అనే క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు, నిర్ధారణ కాకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే రెండు నష్టాలు. బిళ్లలు కరిగి పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చు, తర్వాత ఇచ్చే కీమోథెరపీకి జబ్బు లొంగకపోవచ్చు. కాబట్టి "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని అడిగి తెలుసుకోండి.

బయటకు వచ్చే ముందు జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి. వైద్యం చేస్తే ఎలా ఉంటుంది, చేయకపోతే ఎలా ఉంటుంది, లక్ష్యం నయం చేయడమా లేక హాయిగా ఉంచడమా అన్నవి విడివిడిగా అడగండి. ఈ రెండు లక్ష్యాలనూ కలగాపులగం చేసుకోవడం వల్లే చాలా ఇళ్లలో తర్వాత బాధపడతారు.

5. రెండో అభిప్రాయం, డబ్బు మాట

పెద్ద ఆపరేషన్, క్యాన్సర్, కారణం తేలని జబ్బు, వారమైనా తగ్గని పరిస్థితి, వీటిలో ఏదైనా ఉంటే మరో డాక్టర్‌కు చూపించండి. చెప్పకుండా జారుకోవద్దు. మొదటి డాక్టర్‌నే "ఈ జబ్బులో ప్రత్యేకంగా అనుభవం ఉన్నవాళ్లు ఎవరు?" అని అడిగి, రిపోర్టులన్నీ తీసుకోండి. ఎక్స్-రే, స్కానింగ్ చిత్రాలు కూడా కావాలి, వాటి మీద రాసిన రెండు వాక్యాలు చాలవు. పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే బోధనాసుపత్రుల్లో గుండెకు, కంటికి, క్యాన్సర్‌కు వేర్వేరు నిపుణులు ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ ఖర్చు కూడా చాలాసార్లు తక్కువ. నిరీక్షణ మాత్రం ఎక్కువ.

అదే జబ్బుతో కుక్కను పెంచినవాళ్ల మాటలు ధైర్యానికి బాగా పనికొస్తాయి. మాత్ర ఎలా మింగించాలో, కాలు చచ్చుబడితే గుడ్డ ఎలా కట్టాలో వాళ్లకు తెలిసినంత డాక్టర్‌కు కూడా తెలియకపోవచ్చు. మందు పేరు, మోతాదు మాత్రం వాళ్ల దగ్గర తీసుకోవద్దు.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మొదటే చెప్పండి. "నేను ఇంతవరకు పెట్టగలను, ఇందులో దీనికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఏది?" అంటే డాక్టర్ పరీక్షలను, వైద్యాన్ని దశలుగా విడగొట్టి చెప్పగలరు. అంచనాను కాగితం మీద అడగండి, అది దాటేముందు ఫోను చేయమనండి. బీమా ఉంటే ముందునుంచే ఉన్న జబ్బులకు అది సాధారణంగా వర్తించదు, షరతులు చదవండి. నలుగురిని సాయం అడగాల్సి వస్తే డాక్టర్ రాసిన అంచనాను, జబ్బు పేరును జతచేయండి. జనం బొమ్మ చూసి ఆగుతారు, కాగితం చూసి ఇస్తారు. వీలైతే డబ్బును నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపమనండి.

6. ఇంట్లో చూసుకోవడం

ఆసుపత్రిలో గడిచేది కొన్ని గంటలు. మిగతాదంతా ఇల్లే.

మందుల పట్టిక గోడకు అంటించి, వేసినవాళ్లు టిక్కు పెట్టాలన్న నియమం పెట్టండి. మా ఇంట్లో ఒకసారి గుండెకు ఇచ్చే మాత్ర ఇద్దరం వేశాం, మర్నాడు ఎవరం వేయలేదు. స్టెరాయిడ్‌ను బాగైందని ఒక్కసారిగా ఆపకూడదు, క్రమంగా తగ్గించాలి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు కార్‌ప్రొఫెన్, మెలాక్సికామ్ వంటి నొప్పి మందులు తోడవకూడదు. కడుపులో పుండ్లు పడి చిల్లుపడే ప్రమాదం ఉంది. ఇద్దరు డాక్టర్లు చూస్తున్నప్పుడే ఈ పొరపాటు జరుగుతుంది కాబట్టి ఒకరు రాసినది మరొకరికి చూపండి.

గుండె కవాటం జబ్బు గురించి ఒక మాట. 2016లో వెలువడిన ఎపిక్ అనే అధ్యయనంలో, మైట్రల్ కవాటం పాడై గుండె పెరిగినా ఇంకా లక్షణాలు బయటపడని కుక్కలకు పిమోబెండాన్ అనే గుండె మందు ఇస్తే, గుండె వైఫల్యం సుమారు 15 నెలలు వెనక్కి జరిగిందని తేలింది. దగ్గు మొదలయ్యేదాకా ఆగిన మాకు ఆ నెలలు దక్కలేదు. వయసు మళ్లిన చిన్న జాతి కుక్క గుండెలో మర్మర్, అంటే గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం, వినిపిస్తోందని డాక్టర్ అంటే, హుషారుగానే ఉందిగా అని వదిలేయకండి.

కీమోథెరపీ అనగానే మనుషుల్లో చూసినదే గుర్తొచ్చి చాలామంది వెనక్కి తగ్గుతారు. కుక్కలకు ఇచ్చేది తక్కువ మోతాదు, ఉద్దేశం హాయిగా ఉన్న కాలాన్ని పెంచడం. చాలా జాతుల్లో జుట్టు కూడా పెద్దగా రాలదు. వాంతి, విరేచనం, తెల్లకణాలు తగ్గడం ఉండవచ్చు. మందు ఇచ్చిన కొన్ని రోజులు మలమూత్రాలను గ్లవ్స్ వేసుకుని తీయాలి, గర్భిణులు, పిల్లలు వాటికి దూరంగా ఉండాలి.

తినకపోతే నోట్లో కుక్కకండి. వికారంగా ఉన్నప్పుడు బలవంతంగా పెట్టిన ఆహారం మీద దానికి శాశ్వతంగా విరక్తి పుడుతుంది. కాస్త గోరువెచ్చగా చేస్తే వాసన పెరుగుతుంది. కొద్దికొద్దిగా పెట్టండి, 15 నిమిషాల్లో ముట్టకపోతే తీసేయండి. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే ఫోను చేయండి, కూనల విషయంలో అంతసేపు కూడా ఆగవద్దు. వికారానికి, ఆకలికి మంచి మందులు ఉన్నాయి, అడిగితేనే ఇస్తారు.

నొప్పి ఉంటే కుక్క అరుస్తుందని ఎదురుచూడకండి. రాత్రి పడుకునే చోటు మళ్లీ మళ్లీ మార్చడం, కారణం లేకుండా రొప్పడం, ఒకే చోట నాకుతూ ఉండటం, తల వంచి వీపు పైకి ఎత్తి నిలబడటం, తాకితే ముఖం తిప్పుకోవడం, ఇవే దాని అరుపులు. లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. మోచేతుల దగ్గర, తుంటి దగ్గర రోజూ వేళ్లతో తడిమి చూడండి. పుండు పైకి కనిపించే ముందు అక్కడ చర్మం ఎర్రబడి వెచ్చగా ఉంటుంది.

7. మంచి రోజులు, చెడ్డ రోజులు

కుక్కకు ఇష్టమైన పనులు ఐదు రాయండి. జబ్బు ముదరకముందే రాయాలి, తర్వాతైతే మనసు మాట మారుస్తుంది. గుండుకు మేం రాసుకున్నవి: గేటు దగ్గర మొరగడం, చెప్పులు ఎత్తుకుపోవడం, మెట్ల మీద ఎండలో పడుకోవడం, తిండి గిన్నెను ముక్కుతో తోయడం, రాత్రి నా పాదాల మీద గడ్డం పెట్టడం. క్యాలెండర్‌లో రోజూ ఒక గుర్తు పెట్టండి, మంచి రోజుకు ఒకటి, చెడ్డ రోజుకు మరొకటి. ఒక్కొక్క రోజుగా చూస్తే నిన్నటికంటే నయమే అనిపిస్తుంది. నెల మొత్తం ఒకేచోట చూస్తే అలా సరిపెట్టుకోలేరు.

ఇంకాస్త పద్ధతిగా చూడాలంటే, అమెరికన్ పశు క్యాన్సర్ వైద్యురాలు అలిస్ విలలోబోస్ 2004లో రూపొందించిన కొలమానం ఉంది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీటి శాతం, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్న ఏడింటికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయాలి. మొత్తం 35 దాటితే ఇంట్లో సేవ కొనసాగించదగిన స్థితి అని లెక్క. నొప్పి కింద ఊపిరి కూడా వస్తుంది. ఊపిరి ఆడని కుక్కకు మిగతావాటిలో ఎన్ని మార్కులు వచ్చినా లెక్కలోకి తీసుకోవద్దు. ఇంట్లో ఒక్కొక్కరూ విడివిడిగా వేసి, తర్వాత పోల్చుకోండి. పక్కన కూర్చుని సేవచేసే మనిషి మార్కులకు, సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి మార్కులకు తేడా ఉంటుంది.

8. నిద్రపుచ్చే నిర్ణయం

చెడ్డ రోజులే మిగిలినప్పుడు మందు ఇప్పించి, నొప్పి లేకుండా కుక్క ప్రాణం పోనివ్వడాన్నే నిద్రపుచ్చడం అంటారు. డాక్టర్‌ను "మీ కుక్కయితే ఏం చేస్తారు?" అని అడగవచ్చు. చాలామంది నిజాయితీగా చెబుతారు.

అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తారు, కుక్క మీ ఒళ్లోనే మగతలోకి జారుతుంది. తర్వాత నరం ద్వారా సాధారణంగా పెంటోబార్బిటాల్ అనే మత్తుమందును ఎక్కువ మోతాదులో ఇస్తారు. కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది, డాక్టర్ స్టెతస్కోపుతో విని చెబుతారు. కళ్లు తెరుచుకునే ఉంటాయి. ఆ తర్వాత ఒకటి రెండు లోతైన ఊపిర్లు, కండరాల అదురు, మలమూత్రాలు రావచ్చు. అది మేలుకోవడం కాదు. ముందే తెలియకపోతే ఆ దృశ్యం ఏళ్లతరబడి వెంటాడుతుంది. దగ్గర ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఉండలేనివాళ్లను తప్పుపట్టడం నాకు నచ్చదు. ఇంట్లో ఎవరో ఒకరు, దానికి తెలిసిన చేయి ఒకటి ఉంటే చాలు.

బిల్లు ముందే కట్టేయండి. తర్వాత కౌంటర్ దగ్గర నిలబడటం కష్టం. దహనమా, ఖననమా అన్నదీ ముందే మాట్లాడుకోండి. పాతిపెడితే లోతుగా పాతాలి. ఆ మందు శరీరంలో ఉండిపోతుంది కాబట్టి తవ్వి తిన్న జంతువులు, పక్షులు చచ్చిపోతాయి.

9. తర్వాత మిగిలే పనులు

పిల్లలకు "నిద్రపోయింది" అని కాకుండా చనిపోయిందనే చెప్పండి. లేకపోతే రాత్రి పడుకోవడానికి భయపడతారు. ఇంట్లో మరో కుక్క ఉంటే కొన్నాళ్లు వెతుకుతుంది, తిండి తగ్గిస్తుంది. దాని రోజువారీ వేళలు మార్చకండి. మిగిలిన మందులను మరో కుక్కకు వేయవద్దు, ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయండి.

టీకా వేళకు ఫోనుకు వచ్చే సందేశాలను ఆపమని కూడా ఆసుపత్రికి చెప్పండి. ఆ పని మాకు గుర్తుకు రాలేదు. ఏడు నెలల తర్వాత ఒక ఉదయం ఫోను మోగింది. గుండుకు టీకా వేయించే సమయం వచ్చిందని, రేపు పది గంటలకు తీసుకురమ్మని ఉంది.